పదిహేడో డబ్బా

గుమ్మ ఘాటీ ఎక్కేసరికి
పెట్టెలో ఐసు సగం నీళ్లయింది.
నా ఒళ్లో ఇరవై డబ్బాలు, ఎర్ర మూతలవి,
ఒక్కోదానికీ మూతకే అతికించిన చిన్న చెంచా.
ఎలా అడగాలో అద్దం ముందు నాలుగుసార్లు అనుకుని వచ్చాను.
తెలుగులో అయితే సిగ్గు.
ఒడియాలో మరీ మర్యాద.
సవరలో నాకు నీళ్లు అడగడం కూడా రాదు.

ఆశా దీదీ నా మాటని అటు తిప్పి చెప్పింది.
గుమ్మంలో కూచున్న సంబారి రైతా
డబ్బా మూత తీసి, లోపలికి చూసి,
"పారేసేది కూడా అడుక్కోడానికి
పర్లాకిమిడి నుంచి వచ్చిందా ఈ పిల్ల?" అంది.
వీధి వీధంతా నవ్వింది.
తర్జుమా అయ్యాక నేనూ నవ్వాను.

ఒప్పుకోలు కాగితం పైసగం ఇంగ్లీషు, కిందిసగం ఒడియా.
ఆమె వేలిముద్ర రెండింటికీ నడుమ
ఏ అక్షరమూ లేని చోట పడింది.

ఏం తింటావు? రాత్రి మిగిలిన చోడి అంబలి.
ఇంకా? పులిసిన వెదురు కొమ్ము, దొరికితే ఎర్రచీమలు.
మాత్రలేమైనా వేసుకున్నావా?
ఒకసారి జ్వరానికి ఎవరో ఇచ్చారు, కోడికి వేశాను.
కోడి బతికిందా అని అడగడానికి
ఫారంలో గడి లేదు.

పోల్చి చూడ్డానికి నా డబ్బా కూడా పెట్టమన్నారు సారు.
ఏడాదికి మూడు కోర్సులు మింగే కడుపు నాది.

గాజు జాడీలో ప్లేట్లు పేర్చి
మధ్యలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తాం.
తినగలిగినంత గాలి తిని
మంట నీలంగా వణికి ఆరిపోతుంది.
అప్పుడు లేస్తాయి అవి.
దీపం ఆరాక మొదలయ్యే శుభకార్యం
నేను చూసింది ఇదొక్కటే.

రెండు రోజులకి ఆమె ప్లేటు నిండా మీగడ రంగు చుక్కలు,
ఆవగింజలో సగం.
నాది కడిగి బోర్లించిన కంచం.

చుక్క మీద మందు వేస్తే బుస్సుమని పొంగినవి పక్కకి.
పొంగకుండా ఊరుకున్నవే మనవి.
వాటిని కడుపుమంటంత పులుపులో మూడు గంటలు ఉంచాను,
పైత్యరసంలో ఒక రాత్రి.
గొర్రె నెత్తురు పోసిన ప్లేటు మీద పెట్టి
నెత్తురు జోలికి పోతాయేమోనని తెల్లార్లూ కాపలా.
నూట నలభై మూడింటిలో
ఒక్కటి మిగిలింది.

దానికి పేరు పెట్టారు.
అందులో కాలేజీ ఉంది, సంవత్సరం ఉంది, సారు ఇంటిపేరులో మొదటి అక్షరం ఉంది.
సంబారి లేదు. పదిహేడు ఉంది.

వానలు తగ్గాక మళ్లీ ఘాటీ ఎక్కాను.
ఎవరూ వెళ్లమనలేదు.
"నీది బతికింది" అన్నాను.
"ఏది?"
"నీ కడుపులోది. ఫ్రీజర్లో నిద్రపోతోంది.
లేపి అప్పుడప్పుడూ పెంచుతాం."
ఆమె కాసేపు గెడ్డ వైపు చూసింది.
"అంబలి పోస్తున్నారా?"

లేదు. పంచదార. ఈస్టు పొడి.
పశువు మాంసం ఉడికించి తీసిన రసం, డబ్బాలో పొడిగా వస్తుంది.
ఆశా దీదీ ఇదంతా ఎలా చెప్పిందో నాకు తెలీదు,
సంబారి మాత్రం ఈసారి నవ్వలేదు.
"అయితే కొన్నాళ్లకి నన్ను మరిచిపోద్ది" అంది.

సారు చెప్పిందీ అదే. వేరే మాటల్లో,
ఒక గ్రాఫు వేసి:
తరాలు మారేకొద్దీ ల్యాబు తిండికి అలవాటుపడి
అడవి గుణం జారిపోతుందని.

ఆ రాత్రి ల్యాబులో నేనొక్కదాన్నే.
ఫ్లాస్కులు ఆరు వరసగా పెట్టి
ఆఖరిదాంట్లో
టిఫిను డబ్బాలో దాచి తెచ్చిన చోడి పిండి, ఒక చిటికెడు, వేశాను.
ఆటోక్లేవు ఈల వేసేదాకా
కళ్లు తలుపు మీదే.

రికార్డు పుస్తకంలో ఐదు ఫ్లాస్కులే రాశాను.
మర్నాడు ఆరో ప్లేటుని అడుగున పెట్టి,
కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించి,
ఆరేదాకా నిలబడ్డాను.