సున్నా నంబరు పెంటమ్మ

కోయిలసాగర్ కాలువ కింద
ఎకరం నాటుకు ఐదువేలు గుత్త.
నడుములు పదమూడు.

పొద్దుగూకినంక దేవరకద్ర రోడ్డు మీద
ఆటో కోసం నిలబడి,
కాళ్ల బురద ఆరకముందే
అందరూ నా దిక్కు చూసేటోళ్లు.
"కంప్యూటర్ సదువుతున్నవు గదనే నవనీతా,
జెర పంచియ్యరాదు."

ఫోన్లో నాలుగు వరుసలు రాసిన.
రెండు వాలుగీతలు పక్కపక్కన గీస్తే
పూర్ణాంక భాగహారం.
మనిషికి మూడొందల ఎనభై నాలుగు.
చుక్క లేదు, చుక్క తర్వాత తోక లేదు,
పంచాయితీ లేదు.
నా లెక్క మీద నాకే ముద్దొచ్చింది.
ఆ అంకె చూసుకుంట ఆసామి పైసలు పంచేటోడు.

వారం దాటలే.
మడిలో వంగినామె వంగినట్టే ఉండి
ఊశమ్మ అడిగింది:
"పిల్లా, ఎనిమిది ఏడవోయింది?"
ఏ ఎనిమిది?
"మా చేతులకొచ్చింది
ఐదువేలకు ఎనిమిది తక్కువ.
ఏ ఒడ్డు కింద దాసినవు?"
బడి గడప తొక్కని మనిషి.
లెక్కంతా వేలి కణుపుల మీద.

నేను దాయలే. యంత్రం మింగలే.
అడగలేదు, చెప్పలేదు, అంతే.
భాగఫలం అడిగితే భాగఫలమే ఇస్తది.
శేషాన్ని వేరే గుర్తుతో పిలవాలె:
ఒడ్డుకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి
కూసున్న రెండు సున్నాలు,
బ్యాంకులోళ్లు శాతం అనుకునే గుర్తు.
పిలిచిన.
పలికింది: ఎనిమిది.
ఇన్ని దినాలు ఎవరి అంగి జేబులో ఉన్నదో
నాకు అప్పుడు తెలిసింది.
ఆసామి నవ్విండు. "ఛాయ్ పైసలే గదమ్మా."

ఛాయ్ పైసలే. ఎవరి ఛాయ్?

ఒకామె తంబాకు అన్నది, ఒకామె ఆటోకు ఇద్దామన్నది.
"తిప్పుదాం" అన్నది ఊశమ్మ,
"కాలువ నీళ్లకు వంతులేసుకున్నట్టు."
దినం నంబరును పదమూడుతో భాగిస్తే
ఎంత మిగిలితే వంతు వాళ్లది.
శేషం ఎవరిదో చెప్పేది
ఇంకో శేషం.

చిక్కు ఒక్కటే. యంత్రం లెక్క
సున్నా కాడ మొదలైతది.
సున్నా ఎవరుంటరు?
నారుకట్ట పట్టుకున్నోళ్లందరూ మొఖాలు తిప్పుకున్నరు.
పోయినోళ్ల లెక్కనే అది, అన్నది గోపమ్మ.

"నన్ను రాసుకో."
ఆ చివరి మడిలకెల్లి పెంటమ్మ.
"మా అవ్వకు ఏడుగురం.
ఆర్గురు పోయినంక
నన్ను పెంటకుప్ప మీద బొర్లించి
ఎత్తుకొచ్చుకున్నరు, సావు ముట్టదని.
మిగిలినదానికి
సున్నా అయితేంది, పన్నెండు అయితేంది?"

రాసుకున్న. మొదటి ఎనిమిది పెంటమ్మవి.
ఆకువక్క కొన్నది. నాకూ ఇంత పెట్టింది.

నడుమ ఒకసారి
మేస్త్రి దగ్గర ఐదువేలు బదులు తెచ్చిన్రు.
అంకె ముందర మైనస్ పెట్టి పంచిన.
మనిషి మీద మూడొందల ఎనభై ఐదు.
మళ్లా కొట్టి చూసిన. అదే.
కూలి పంచితే ఎనభై నాలుగు,
అప్పు పంచితే ఎనభై ఐదు!
తప్పు కాదు. నేను రాసే భాష
ఎప్పుడూ కిందికే దిగుతది.
సున్నా దిక్కు మలిగే భాషలు వేరే ఉన్నయని
నేను సముదాయిస్తుంటే
వాళ్లలో ఒక్కరూ ఆశ్చర్యపోలే.
"అప్పు ఎన్నడన్న పైకి మలిగిందా బిడ్డా?"

నిన్న పెంటమ్మ రాలే.
మూడు దినాల సంది కీళ్లు పట్టేసే జ్వరం.
నడుములు పన్నెండు.
తలా నాలుగొందల పదహారు.
శేషం చూసిన.
ఎనిమిదే.
పదమూడు తీసి పన్నెండు పెట్టినా ఎనిమిదే.
పరీక్షలో వస్తే ఒక మార్కు లెక్క. నేను మాత్రం
ఫోను వెలుగులో దాన్నే చూసుకుంట నిలబడ్డ.

"వంతు ఎవరిదే?" అన్నది ఊశమ్మ.
దినం నంబరును పాత పదమూడుతోనే భాగించిన,
పదమూడును మార్చబుద్ధి కాలే.
సున్నా వచ్చింది.

ఊశమ్మ ఎనిమిది రూపాయలు
కొంగు చివర ముడేసుకొని
ఆటోలో ఒక మనిషి జాగ ఇడిసి కూసున్నది.