పాత సాళ్లు

ఇరవై రెండేండ్ల కింద
మక్తల్ అవతలి గైరాన్ మీద
ట్రాక్టరు గీతలు గీసింది.
సారు సాళ్లల్ల స్టైలో ఇత్తనం పోసి, చుట్టూ తీగె గట్టి
"మూడేండ్లు మంద రావొద్దు" అన్నడు.

మొదటేడే గడ్డి మోకాళ్ల దాకా.
ఉశప్ప గొర్లు తీగెకు మూతులానించి నిలబడ్డయి.

తర్వాత తీగె ఎవరో తెంపుకపోయిన్రు.
సారు బదిలీ.

ఇయ్యాల గుట్టెక్కి చూస్తే
గీతలింకా కనిపిస్తయి,
పాత గాయం మీది కుట్ల లెక్క.
సాలు పొంటి అక్కడక్కడ స్టైలో.
నడిమిట్ల ఎవరూ చల్లని పందిముల్లు, చెంగలి,
నేను పేరు మరిచిన ఇంకొకటి.
అది ఉశప్పకు ఎరుక.

ఉశప్ప లేడు.
ఆయన గొర్ల మనుమరాండ్లు
సాలు దాటి నడిమికే పోతున్నయి.

ఆయన గొంగడి విప్పి
పందిముండ్లు పీకుతున్న.
ఒకటి ఎంతకూ రాలే.
ఉండనీ.