సైటురాళ్ల పంచాంగం

సర్జాపుర వెనక లేఅవుట్టులో
సైటురాళ్లే నా పంచాంగం.
ఒకటి నించి ఇరవై దాకా ఆషాఢంలో మేపినాను.
ఇరవై ఒకటి మొదలు నలభైకి
కార్తీకం వరకు కాలు పెట్టనియ్యను.
అక్కడ గడ్డి మోకాలెత్తు లేచి ఊరిస్తుంది,
సీమావు తాడు లాగుతుంది.
"వద్దే బూదీ, ఆడ నీ కోసం కాచుకోనుండారు."

గడ్డిపోచ కొసన ఆవగింజలో సగమంత పిల్ల
ముందుకాళ్లు చాపి
గాలిలో ఊపిరి వెదుకుతుంది.
ఎవరి ఊపిరైనా సరే.
నెలల తరబడి పస్తుంటుంది.
దాని పస్తు కన్నా నా ఓపిక
ఒక నెల పొడుగుండాల,
పశువుల డాక్టరు నాగవేణి చెప్పిన లెక్క ఇంతే.

ఆమె ఉణ్ణె అంటుంది,
రాగుల మిల్లు కాడి అరవాయన ఉణ్ణి అంటాడు,
మేము పిడుదు అంటాం.
మూడు భాషల్లోనూ తాగేది ఒకటే.

పోయినేడు తాగింది.
ఎర్రావు కాఫీ డికాషన్ రంగులో పోసింది,
మూడు దినాలు.
నాలుగో దినం డెయిరీ పుస్తకంలో దాని గడి ఖాళీ.
ఆ గడిలో మా ఆయన గీత కొట్టలేదు,
నేనూ కొట్టలేదు.

అప్పట్నించీ పొద్దుగూకితే
కొట్టంలోకి తోలకముందే సైటురాయికి కట్టి,
సెల్లు లైటు నోట కరుచుకొని
చెవి లోపల, పొదుగు సందున, తోక కింద.
తోలుకు ఆనించి పట్టి నిటారుగా లాగాల,
పిండకూడదు, మూతి లోపల మిగలకూడదు.
కిరసనాయిలు డబ్బాలోకి ఒక్కోటి.
హళ్లికారు దూడకి రెండే, అది తోలు వణికించి దులుపుకుంటుంది.
బూదికి పాలిచ్చే తెలివి తప్ప ఇంకోటి లేదు.
గోడ సందుల్లో సున్నం కూరినాను,
గుడ్లు పెట్టేది ఆడే గదా.

నిన్న ముప్పై ఎనిమిది.
ఈ ఆదివారం పంతొమ్మిది.
డబ్బాకి మూత పెట్టబోతుంటే
నలభై ఒకటో సైటాయన వచ్చినాడు,
కారు దూరంగా నిలిపి, ముప్పైల్లో అడ్డంబడి నడిచి,
వెంట తెల్లసాక్సుల పిల్లోడు.
"మేపుకోమ్మా, ఇల్లు కట్టేది ఇంకా రెండేండ్లకి.
పాలు దొరుకుతాయా?"
"ఈ వారం లేదు సామీ, మందు కొట్టినాను.
పిండి పారబోస్తుండా."
ఆయన నమ్మినట్టు లేదు.
పాలు పారబోసే మనిషిని చూసినట్టే లేదు.

నేను వంగి
పిల్లోని సాక్సు మడత విప్పినాను.
ఉండింది,
కాళ్లు చాపుకొని.

తీసి డబ్బాలో వేసి
ఇరవై, అన్నాను.