అంటుకు దిగువన

మూడు మొక్కలు విమానం దిగాయి.
వేళ్లకి తడి గోనె, మెడలో పేరు రాసిన బిళ్ల,
అచ్చం మా బ్యాచ్ దిగినట్టే.
చెర్రీ, ప్లమ్, ఆప్రికాట్.
అహ్మదీలో, పాత ఆయిల్ కంపెనీ బంగళాల వీధిలో
ఉమ్ మిషారీ మేడమ్ పెరట్లో
నేను తవ్వి ఉంచిన గుంటలు
అప్పటికే సగం ఇసకతో పూడిపోయాయి.

బిళ్ల మీది బొమ్మలో చెర్రీ
పెళ్లిపందిరంత గులాబీరంగు.
"మార్చికి ఇలాగే కావాలి, నూక్!"
నూకరాజు ఆమె నోట్లో సగమే పలుకుతాడు.

కడియం నర్సరీల్లో పెరిగినవాణ్ణి.
సపోటాకి పాలమొక్క, గులాబీకి అడివి గులాబీ,
ఏ కొమ్మకి ఏ వేరు నప్పుతుందో
కళ్లు మూసుకుని చెప్పగలను.
చలి తిని బతికే చెట్టుని మాత్రం
అప్పటిదాకా చూడలేదు.
సూడాన్ ఇద్రీస్ చెప్పాడు:
ఎనిమిది వందల గంటలు వణికితేనే గాని
దీని మొగ్గకి తెల్లవారదు.

నోటుబుక్కు కొన్నాను.
డిసెంబరు పదిహేడు: నాలుగు గంటలు.
పద్దెనిమిది: రెండు.
ఇరవై: మబ్బు, సున్నా.
నా ఓవర్‌టైమ్ కూడా
ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ రాసుకోలేదు.
ఫహాహీల్ చేపల మార్కెట్లో మిగిలిన ఐసు
గోనెలో మోసుకొచ్చి మొదట్లో పోసేవాణ్ణి.
వారమంతా చెర్రీ దగ్గర చందువా వాసన.
చెట్టు పూయలేదు గానీ
చుట్టూ పిల్లులు పూశాయి.

ప్లమ్ మే నెలలో పోయింది.
ఒక్క మధ్యాహ్నంలో, కొమ్మనుండగానే
ఆకులన్నీ అప్పడాలైపోయాయి.
ఆప్రికాట్ రెండో ఏడు పదకొండు పూలు పూసి
ఒక్క కాయ నిలుపుకుంది.
దాన్ని పిగిలిపిట్ట తినేసింది.
టెంక కడిగి నా గది కిటికీలో పెట్టుకున్నాను,
ఎందుకో.

చెర్రీ మాత్రం ఉత్త ఆకులతో నిలబడింది,
బిళ్ల ఊపుకుంటూ.

అంటు కట్టిన ముడికి దిగువన
పిలకలు లేస్తూనే ఉంటాయి.
శుక్రవారం శుక్రవారం కోసెయ్యాలి,
పై కొమ్మ తిండి లాగేస్తాయి కాబట్టి.
వాటికి బిళ్ల ఉండదు, బిల్లులో ధర ఉండదు.
ఎవరో ఎక్కడో
పైదాన్ని నిలబెట్టడానికి పెంచిన వేరు.
కత్తెర నా చేతిలోదే.

గోడవైపు ఒక్క పిలకని వదిలేశాను.
మొదటి ఏడాది మరిచిపోయి,
రెండో ఏడాది గుర్తుండి.

మూడో జనవరిలో ఉత్తరపు గాలి విడవకుండా కొట్టింది.
నోటుబుక్కు నిండిపోయింది.
గదిలో ఆరుగురం ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని
ఒకరి దగ్గు ఒకరం విన్నాం.
మార్చిలో ఒక పొద్దున
మేడమ్ కేక.
గోడవైపంతా తెలుపు.
నూకలంత పూలు, గుత్తులు గుత్తులుగా.

చెల్లెళ్లు కార్లేసుకుని వచ్చారు. ఫోటోలు.
"నూక్, నా చెర్రీ పూసింది!"
బిళ్ల మీద గులాబీరంగు, కొమ్మ మీద తెలుపు.
ఎవరూ పోల్చి చూడలేదు.
"అవును మేడమ్" అన్నాను.

మేడమ్ అత్తగారు హెస్సా
చక్రాల కుర్చీలో అందరికన్నా ఆఖర్న వచ్చింది.
రెమ్మ గిల్లి, నలిపి, వాసన చూసింది.
మళ్లీ చూసింది.
"మహ్లబ్" అంది, తనలో తను.
ఈద్ బిస్కెట్ల పిండిలో కలిపే గింజ,
ఆ చెట్టుది.
తలెత్తి నన్ను చూసింది.
నేను కత్తెరని చూసుకున్నాను.
కోడలితో ఏమీ అనలేదు.

ఈద్ రోజున డ్రైవర్ చేతికిచ్చి
కాగితం రుమాల్లో మూడు బిస్కెట్లు పంపింది.
కొరికితే చేదుబాదం, దాని వెనక
పచ్చి బెరడు కోసినప్పుడు వేళ్లకంటే వాసన.
రెండు తిన్నాను. ఒకటి ఇద్రీస్‌కి దాచాను.

ఆ శుక్రవారం
చెర్రీ కొమ్మలే నాలుగు కోశాను.
కిందదానికి
వెలుతురు చాలడం లేదు.