సీసం

స్టీలుకి టంకం అంత తేలిగ్గా పట్టదు.
ఇత్తడి అట్టా కాదు, అడిగితే ఒప్పుకుంటుంది.
రాగి అడక్కముందే ఒప్పుకుంటుంది.
స్టీలు మాత్రం కంటికి కనపడని పొర ఒకటి కప్పుకుని
మెరుస్తా నిలబడుద్ది,
అప్పు తీర్చేసినోడు షావుకారు ముందు నిలబడినట్టు.

పాలకేంద్రం ల్యాబులో పనిచేసే మాల్యాద్రి
నలభై లీటర్ల గిన్నె బండి వెనక కట్టుకుని
కందుకూరు పామూరు రోడ్డులో నా కొట్టు ముందు దిగాడు.
అడుగున ఒక కొళాయి కావాలంట,
దానికి జానెడు పైన వేడి చూసే ముల్లుకి బెజ్జం.
దేనికబ్బయ్యా అంటే
బార్లీ కాచను, అన్నాడు నేల చూస్తా.

టీ గ్లాసు పెట్టను వచ్చిన మస్తాన్‌బీ
గిన్నెలోకి తొంగి చూసింది.
"ఇన్ని బార్లీ నీళ్లా?
ఊరందరికీ ఒకేసారి కాళ్లు వాచినయ్యా?"
కుర్రోడి చెవులు ఎర్రబడినయ్.
నేను డ్రిల్లుకి నూనె పోసుకుంటా ఉండిపొయ్యా.
సారా కొట్ల మీద ఆడోళ్లు లేచిన ఏడు
ఆమె చేతిలో రోకలి ఉండింది.
అది ఇప్పటికీ వంటింటి మూలన ఉంది,
కారం దంచనని అంటది.

బెజ్జం పడింది. అంచు ఆకురాయితో నున్న చేశా.
ఎమిరీ కాగితంతో మెరుపంతా పోయేదాకా రుద్దా.
పుల్లతో ఆసిడ్ అద్దితే బుస్సుమంది.
మా నాయనైతే నవాసారం చల్లేవోడు,
ఆ తెల్లపొగ, ఆ దగ్గు.
ఆయనది కళాయి, నాది కొళాయి.

"తీగ తెచ్చావా?"
"నీ దగ్గర లేదా మామా?"
ఉంది. చుట్టలు చుట్టలుగా ఉంది,
రేడియోలకీ మోటార్లకీ వాడేది.
"అది కాదు. సీసం లేంది.
తగరం, కాస్తంత వెండి. ఒంగోలు పో.
డబ్బా మీద చదివి తీసుకో,
కొట్టువాడి మాట వినబాక."

వాడు తిరిగొచ్చేలోపు
పాత రాత్రి ఒకటి వచ్చి నా పక్కన కూచుంది.

ఇరవై రెండేళ్లప్పుడు
చీమకుర్తి అవతల తుమ్మతోపులో
పెట్రోమాక్సు వెలుతురున
రాగి గొట్టం చుట్ట అతికా.
ఏడు అతుకులు. చుక్క కారలేదు.
మెచ్చుకుని వంద నోటు జేబులో పెట్టారు.

ఆ బట్టీ సరుకు తాగినోళ్లల్లో
మా రిక్షా పెంచలయ్య ఒకడు.
ఏడాదికి వాడి కుడి మణికట్టు వాలిపోయింది,
ఎండన పడేసిన గోంగూర కాడ మాదిరి.
చిగుళ్ల మీద నీలం గీత.
గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు.
బీడీ వెలిగించమని నా దగ్గరికే వచ్చేవోడు.
నేనే వెలిగించేవోణ్ణి.

సీసాలో సీసం దిగుద్దని
ఒక డాక్టరు ఇంకెవురికో చెప్తుంటే విన్నా,
పదేళ్ల తర్వాత.
అప్పటికి పెంచలయ్య లేడు.
రోకళ్లు కుండలు పగలగొట్టినయ్, పీపాలు పగలగొట్టినయ్.
నా ఏడు అతుకులు
ఎవురి చేతికీ దొరకలా.

పొద్దుగూకేటప్పటికి తీగ వచ్చింది.
మంట కొళాయికి చూపకూడదు,
గిన్నెకి చూపాలి, కింద నుంచి, ఓపిగ్గా.
తీగని మంటలో పెట్టేవోడు పనోడు కాదు.
లోహం కాగి కాగి తానే పిలవాల.
పిలిచింది.
తగరం కొళాయి మెడ చుట్టూ ఒక్క పరుగు తీసింది,
పసిబిడ్డకి కట్టిన వెండి మొలతాడులా.

వంటసోడా నీళ్లతో మూడుసార్లు కడిగా.
నాలుగోసారి ఎందుకు మామా, అన్నాడు.
చెప్పలా.

నిండా నీళ్లు పోసి, కింద పేపరు పరిచి
రాత్రంతా వదిలేశా.
రెండుసార్లు లేచి తడిమి చూశా.
తెల్లారి పేపరు కరకరలాడింది.

"మొదటి సీసా నీకే," అన్నాడు గుసగుసగా.
"నాకొద్దు.
కారితే తీసుకురా.
కారకపోతే ఈ రోడ్డుకి రాబాక."

లోపల్నించి మస్తాన్‌బీ,
"బార్లీలో కాస్త నిమ్మకాయ పిండుకోమను," అంది.

ఆ గొంతులో ఉండింది నవ్వో, రోకలో
ఇంకా తేల్చుకోలా నేను.