డిప్పర్

కాజ టోల్‌గేటు దాటాక నంబూరు దగ్గర
జీపు కాసుకుని ఉంటుంది, తుపాకీ లాంటి కెమెరాతో.
గేర్లు నేర్పకముందే
నాగుల్‌మీరా నాకు నేర్పిన సంగతి ఇది.

ఎదురు లారీ రెండుసార్లు కన్ను కొడుతుంది.
తొంభై, అరవై అవుతుంది.
సీటుబెల్టు ఒంటి మీదికొస్తుంది.
జీపు వెనకబడగానే మళ్ళీ తొంభై.
సొంత బావమరిది గృహప్రవేశానికి పిలవలేదు గానీ
ముక్కూమొహం తెలియనివాళ్ళు
నాకెన్ని చలాన్లు తప్పించారో!

మొన్న రాత్రి మిర్చి టిక్కీల లోడుతో ఒకడు
ఆపకుండా డిప్పర్ కొడుతూనే పోయాడు.
తగ్గించాను.
జీపు లేదు.
అడ్డంగా బైకు, మూత ఊడిన క్యారేజీ,
తారు మీద పెరుగన్నం.
వంకరపోయిన కాలు పట్టుకుని కుర్రాడు
"అన్నా, బండికేమైంది, బండి చూడు" అంటాడు.

నూటెనిమిది వచ్చేదాకా
కారు వెనక్కి తిప్పి, వచ్చే ప్రతి బండికీ లైట్లు కొట్టాను.
అందరూ తగ్గించారు.
అందరూ ముందు ఖాకీ కోసమే వెతికారు.
ఒకడు అద్దం దించి
"పోలీసుల్లేరుగా, ఉత్తినే కొడతావేంటి బాసూ!"

అరవై నించి తొంభైకి
ఇంజను ఎక్కే ఆ చప్పుడు
నాకు బాగా తెలుసు.