పన్నెండో రోజు

డండీలో వాన పడటం వార్త కాదు.
గొడుగు మూలన పెట్టి
నేలమాళిగలో మైక్రోస్కోపు గది తలుపు వేసుకుంటాను.
చీకటి. ఫ్యాను రొద.
గాజు పలక మీద పన్నెండు రోజుల ఎలుకపిల్ల చిన్నమెదడు,
ఉల్లిపొర కంటే పలచన.

పచ్చగా వెలిగేది ఒక పోగు.
దూరప్రయాణమేం కాదు దానిది,
పక్క కణం దాకా. వెంట్రుక మందం దాటితే చాలు.
కానీ ఆ కాస్త మేరలోనే ఎన్ని గుమ్మాలు!
కళ్ళు లేవు, చెవులు లేవు,
తడుముకునే మొన ఒక్కటే ఉంది.
గోడ మీద అంటుకునే అణువులు
ఒకచోట పలచగా, ఒకచోట చిక్కగా.
చిక్కబడే వైపే జరిగి జరిగి
సరిగ్గా మెడ దగ్గర
బుట్ట అల్లినట్టు చుట్టుకుంటుంది.
ఇక ఆ కణం ఎప్పుడు ఊరుకోవాలో
చెప్పే చెయ్యి అదే.

మోరగ్ గెడిస్ టీ పట్టుకొచ్చి అంది:
మా నాయనమ్మ జనపనార మిల్లులో నేతపని చేసేది.
ఆ మోతలో మాట వినపడదు, పెదాలు చూసి చదువుకునేవాళ్ళు.
దుమ్ములో పెదాలూ కనపడకపోతే
పక్క మగ్గం పిల్ల మోచెయ్యి నొక్కేది.
ఒకసారి నొక్కితే, దారం తెగింది.
రెండుసార్లయితే, మేస్త్రీ వస్తున్నాడు.

మా భీమిలి రేవు నుంచి గోగునార ఓడలెక్కేదన్నాను.
మీరు పచ్చడి చేసుకునే గోగేనా?
దాని అక్కచెల్లెలు.
చీకట్లో నవ్వింది.

రెండో పలక. ఇందులో ఆ అణువు లేదు.
పోగు వచ్చింది, వచ్చినట్టే ఉంది,
మెడ దాటి, భుజం దాటి,
ఏ ఇంటి ముందూ ఆగని పోస్టుమాన్‌లా
పొరలోంచి బయటికి పోయింది.
దీని తోబుట్టువుని పెంచి నిన్న కర్ర మీద నడిపించాను.
వెనక కాలు మూడుసార్లు జారింది.
గడిలో 3 అని రాశాను.
రాసి, కాసేపు అరచేతిలో పెట్టుకున్నాను.
దానికి గడి లేదు.

ఇంకొకటి మోరగ్‌కి చెప్పలేదు:
కొన్ని అణువులు అంటుకోవు.
తన కొమ్మే తనకి తగిలితే
ఇది నేనే అని తెలిసి
వెనక్కి తగ్గుతాయి.
లేకపోతే కణం తన చేతులు తనే పట్టుకుని
ముద్దగా కూర్చుంటుందట.
మొదటి చలికాలం నేనలాగే ఉన్నాను.

ఇప్పుడు పోగు మీద ఫోకస్ సవరిస్తుంటే
ఎవరో నా మోచెయ్యి నొక్కారు,
రెండుసార్లు.
మెట్ల మీద ప్రొఫెసర్ బూట్ల చప్పుడు.